పాఠం ఉన్నది, విద్యార్థికి అందదు
ఆన్‌లైన్ కోర్సులలో ఫైళ్ళు తెరుచుకోకపోవడానికి కారణాలు, వాటి పరిష్కారాలు

నూజివీడు పేరు వినగానే తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది మామిడిపండు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి మొదలైన రకాలు వేసవి వచ్చిందంటే ఈ తోటల నుండి దూరప్రాంతాలకు తరలిపోతాయి. పూర్వం కృష్ణా జిల్లాలో భాగంగా ఉండి, 2022 నాటి జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరిన ఈ పట్టణానికి 2008లో మరొక గుర్తింపు కూడా లభించినది. ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టం ద్వారా రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ ఏర్పడి, నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో దాని విద్యాలయాలు వెలిశాయి. జనం వాడుకలో ఇవే ట్రిపుల్ ఐటీలు. పదవ తరగతి పూర్తిచేసిన గ్రామీణ బాలబాలికలను చేర్చుకొని, ఆరు సంవత్సరాల చదువు చెప్పి, ఇంజనీర్లుగా తీర్చిదిద్దడం వాటి ఉద్దేశం. విద్యార్థికొక లాప్‌టాప్ చొప్పున ఇచ్చి, పాఠాలను ప్రాంగణంలోని కంప్యూటర్ల ద్వారా అందించే పద్ధతితో అవి ప్రారంభమయ్యాయి. పుస్తకాల సంచికి బదులు ఫైళ్ళ సంచి అన్నమాట. అప్పట్లో అది చాలామందికి వింతగా తోచినది.

పన్నెండు సంవత్సరాలు గడిచాక ఆ వింత ఇంటింటికీ వచ్చి చేరినది. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా దేశమంతటా విద్యాలయాలు మూతబడ్డాయి. బడి పిల్లలు, కళాశాల విద్యార్థులు, మదరసాలలో చదివే తాలిబె ఇల్ములు అందరూ సెల్‌ఫోను ముందు కూర్చోవలసి వచ్చినది. ఆ వ్యాధి తగ్గుముఖం పట్టినా ఈ పద్ధతి పోలేదు. నేడు అరబీ వ్యాకరణం, తజ్వీద్, ఉర్దూ, చరిత్ర వంటి విషయాలు బోధించే కోర్సులు ఎన్నో ఆన్‌లైన్‌లో నడుస్తున్నాయి. ఇంటి గడప దాటి చదువుకునే వీలులేని మన ఆడపిల్లలకు, పగలంతా కూలికో వ్యాపారానికో వెళ్ళే యువకులకు ఇది గొప్ప సౌకర్యం. ఇందులో సందేహం లేదు.

అయితే ఈ కోర్సులు నడిపేవారందరూ తరచుగా వినే మాట ఒకటున్నది: “ఉస్తాద్‌గారూ, ఫైలు ఓపెన్ కావడం లేదు.” దానికి వచ్చే సమాధానం కూడా దాదాపు అన్నిచోట్లా ఒకటే: “నాకు బాగానే అవుతోంది కదమ్మా! మళ్ళీ ప్రయత్నించు.”

చూడటానికి ఇది చిన్న సంభాషణే. కాని ఎందరో విద్యార్థుల చదువు ఇక్కడే ఆగిపోతున్నది. ఈ వ్యాసంలో ఆ ఫైలు ఎందుకు తెరుచుకోదో, కారణాన్ని ఎలా కనుగొనాలో, ఎవరు ఏమి చేయాలో వివరించడానికి ప్రయత్నిద్దాం.

మూల విషయం

అన్నిటికంటె ముందు గ్రహించవలసిన విషయం ఒకటున్నది. ఉపాధ్యాయునికి ఫైలు తెరుచుకోవడం విద్యార్థికి తెరుచుకుంటుందనడానికి సాక్ష్యం కాదు. ఆ ఫైలును అక్కడ ఉంచినవాడు ఉపాధ్యాయుడే. అతడు యజమాని. యజమానికి అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. తన ఇంటి తాళంచెవి తన జేబులో ఉండగా, “తలుపు తెరిచే ఉన్నది” అని వీధిలో నిలబడినవారితో అనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

అనువాద వృత్తిలో ఉన్నవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. అనువాదకునికి తన వాక్యం ఎప్పుడూ స్పష్టంగానే కనిపిస్తుంది. ఎందుకంటే మూలం అతని మనసులో ఉంటుంది. మూలం తెలియని పాఠకుడు చదివినప్పుడే ఆ వాక్యం సంగతి బయటపడుతుంది. అలాగే ఫైలు విషయంలో కూడా పరీక్ష జరగవలసినది విద్యార్థి వైపు నుండే.

మన మదరసాలలో ‘ఇజాజత్’ అనే పద్ధతి పాఠకులకు సుపరిచితమే. ఉస్తాద్ ఒక గ్రంథాన్ని బోధించి, దానిని ఇతరులకు బోధించే అనుమతిని శిష్యునికి పేరుపెట్టి ఇస్తాడు. ఆ అనుమతి ఆ వ్యక్తికే చెందుతుంది. అతని ఇంట్లో ఉన్నంత మాత్రాన అతని తమ్మునికి వర్తించదు. కంప్యూటరులో ఫైలుకు ఇచ్చే అనుమతి కూడా సరిగ్గా ఇలాంటిదే. అది ఒక ఈమెయిలు చిరునామాకు, అంటే ఒక ఖాతాకు ఇచ్చినది. ఫోనుకు ఇచ్చినది కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం చిక్కులు విడిపోతాయి.

ముందుగా అడగవలసిన నాలుగు ప్రశ్నలు

వైద్యుడు నాడి చూడకుండా మందు వ్రాయడు. ఫైలు తెరుచుకోవడం లేదని విద్యార్థి చెప్పినప్పుడు, “మళ్ళీ ప్రయత్నించు” అనే బదులు నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఒకటి: ఈ ఇబ్బంది నీ ఒక్కరికేనా, తరగతిలో అందరికా? అందరికీ అయితే లోపం ఫైలును ఉంచిన చోట ఉన్నదని అర్థం. ఒక్కరికే అయితే ఆ విద్యార్థి ఖాతాలోనో, ఫోనులోనో వెదకాలి. కొందరికి మాత్రమే అయితే ఆ కొందరిలో ఉమ్మడిగా ఏమున్నదో చూడాలి. ఆలస్యంగా చేరినవారా? వేరే జట్టులో ఉన్నవారా?

రెండు: తెర మీద ఏమని వ్రాసి ఉన్నది? విద్యార్థి దానిని చదివి చెప్పనక్కరలేదు. తెరను ఫోటో తీసి పంపితే చాలు. ఆ ఒక్క ఫోటో పది నిమిషాల మాటలను ఆదా చేస్తుంది.

మూడు: ఈ ఒక్క ఫైలేనా, మిగిలినవి కూడా తెరుచుకోవడం లేదా? నిన్నటిది తెరుచుకొని నేటిది తెరుచుకోకపోతే లోపం నేటి ఫైలులో ఉన్నది.

నాలుగు: ఏ ఖాతాతో, ఏ ఫోను లేక కంప్యూటరులో చూస్తున్నావు? కోర్సులో చేరేటప్పుడు ఇచ్చిన ఈమెయిలు ఇదేనా?

ఈ నాలుగింటికి సమాధానాలు వస్తే, క్రింద వివరించబోయే ఐదు కారణాలలో ఏది వర్తిస్తుందో చాలావరకు తెలిసిపోతుంది.

తెర చెప్పే మాటలు

తెర మీద కనిపించే సంఖ్యలను చూసి భయపడనవసరం లేదు. ప్రపంచమంతటా వెబ్ కంప్యూటర్లు ఒకే సంకేతాలను వాడుతాయి. 401 అంటే, “నీవెవరో ఇంకా చెప్పలేదు, ముందు నీ పేరుతో లోపలికి రా” అని. 403 అంటే, “నీ అభ్యర్థన అందినది, కాని దీనిని చూసే అనుమతి నీకు లేదు” అని. 404 అంటే, “ఈ చిరునామాలో ఏమీ కనిపించలేదు” అని. 500 అంటే లోపం ఆ కంప్యూటరులోనే ఉన్నదని. 503 అంటే అది తాత్కాలికంగా పని చేయడం లేదని లేక దాని మీద భారం ఎక్కువైనదని.

కాబట్టి 403 వస్తే అనుమతిని సరిచూడాలి. 404 వస్తే చిరునామాను సరిచూడాలి. 500, 503 వస్తే విద్యార్థి చేయగలిగినది కొంతసేపు ఆగడమే, సంస్థవారు చేయవలసినది తమ సర్వరును చూసుకోవడమే. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. కొన్ని చోట్ల అనుమతి లేనివారికి ఫైలు ఉన్నదన్న సంగతి కూడా తెలియకూడదని, 403కు బదులు 404 చూపిస్తారు. అందుచేత 404 కనిపించినా అనుమతిని కూడా ఒకసారి చూడటం మంచిది.

మొదటి కారణం: అనుమతి లేకపోవడం

మన సంస్థలలో ఎక్కువమంది వాడేది గూగుల్ డ్రైవ్. అందులో కొత్తగా పెట్టిన ఫైలు సాధారణంగా ‘రిస్ట్రిక్టెడ్’ అనే స్థితిలో ఉంటుంది. అంటే పేరు చేర్చినవారికి తప్ప ఇతరులకు తెరుచుకోదు. ఉపాధ్యాయుడు దాని లింకును నకలు తీసి వాట్సాప్‌లో పంపిస్తాడు. లింకు అందరికీ చేరుతుంది. అనుమతి మాత్రం ఎవరికీ చేరదు. విద్యార్థి తెర మీద ‘యూ నీడ్ యాక్సెస్’ అనే మాటలు, వాటి క్రింద ‘రిక్వెస్ట్ యాక్సెస్’ అనే బొత్తాము కనిపిస్తాయి. విద్యార్థి ఆ బొత్తాము నొక్కితే ఫైలు యజమానికి ఒక ఈమెయిలు వెళుతుంది. వాట్సాప్ తప్ప ఈమెయిలు చూసే అలవాటు లేని ఉపాధ్యాయునికి ఆ అభ్యర్థనలు వారాల తరబడి కనబడవు. ఇక్కడ విద్యార్థి తన వంతు పని చేసినట్లే. అయినా పాఠం అందలేదు.

పరిష్కారం సులభం. అందరూ చదవవలసిన పాఠమైతే, ఫైలు ‘షేర్’ అమరికలో ‘ఎనీవన్ విత్ ది లింక్’ అని మార్చి, ‘వ్యూయర్’ అని ఉంచాలి. అప్పుడు లింకు ఉన్నవారు చదవగలరు, మార్చలేరు. ‘ఎడిటర్’ అని ఉంచితే ఎవరైనా పాఠాన్ని మార్చివేయగలరు గనుక ఆ పొరపాటు జరగరాదు. తరగతివారికి మాత్రమే పరిమితం చేయదలిస్తే విద్యార్థుల ఈమెయిళ్ళను చేర్చాలి.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. కొన్ని సంస్థలు తమ విద్యార్థులకు సంస్థ పేరుతో ఈమెయిళ్ళు ఇస్తాయి. ఫైళ్ళు ఆ ఈమెయిళ్ళకే పరిమితమై ఉంటాయి. కాని విద్యార్థి ఫోనులో మొదటి నుండి ఉన్నది సొంత జీమెయిలు ఖాతా. ఫోను దానితోనే ఫైలును తెరవడానికి ప్రయత్నిస్తుంది, అక్కడ నిరాకరణ ఎదురవుతుంది. ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరికీ కలిపి ఒకే ఫోను ఉన్నచోట ఇది మరీ ఎక్కువ. ఉదాహరణకు ఆగిరిపల్లి దగ్గరి ఒక పల్లెలో అన్నయ్య ఫోనులో చెల్లెలు పాఠం చూస్తున్నదనుకుందాం. కోర్సులో చేరినది చెల్లెలు, ఫోనులో ఉన్న ఖాతా అన్నయ్యది. అనుమతి చెల్లెలికి ఉన్నది, తలుపు తట్టినది అన్నయ్య పేరుతో. తెరుచుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు. తెర కుడివైపు పైమూలన కనిపించే గుండ్రని గుర్తును నొక్కి, ఏ ఖాతా ఉన్నదో చూసి, కావలసినదానికి మార్చుకుంటే సరిపోతుంది. ఆ ఖాతా ఫోనులో లేకపోతే చేర్చుకోవాలి.

పాత లింకుల విషయం కూడా చెప్పుకోవాలి. 2021 సెప్టెంబరు 13 నుండి గూగుల్ డ్రైవ్ భద్రత నిమిత్తం కొన్ని పాత ఫైళ్ళ లింకులకు అదనంగా ఒక సంకేతాన్ని జోడించినది. అంతకుముందే ఆ ఫైలును చూసినవారికి పాత లింకుతోనే తెరుచుకున్నది. కొత్తగా వచ్చినవారికి మాత్రం అనుమతి అడిగినది. అందుచేత 2020లో తయారుచేసిన లింకుల పట్టికనే నేటికీ కొత్త విద్యార్థులకు పంపుతున్న సంస్థలు ఆ లింకులన్నిటినీ మళ్ళీ తీసుకొని పరీక్షించుకోవడం అవసరం. పాత విద్యార్థులకు బాగానే ఉన్నది గదా అని ఊరుకుంటే కొత్తవారు బయటనే ఉండిపోతారు.

రెండవ కారణం: కోర్సులో ఉంచిన తీరు

విశ్వవిద్యాలయాలు, పెద్ద సంస్థలు ‘మూడుల్’ వంటి కోర్సు నిర్వహణ వ్యవస్థలను వాడుతుంటాయి. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ తయారుచేసిన ఈ మూడుల్ మొదటి పూర్తి రూపం 2002లో వెలువడినది. దీనిని ఎవరైనా ఉచితంగా తీసుకొని తమ సంస్థలో నెలకొల్పుకోవచ్చు.

ఇందులో ఫైలు విద్యార్థికి అందకపోవడానికి ముఖ్యంగా నాలుగు స్థలాలు చూడాలి. మొదటిది, ఆ పాఠం ‘హైడ్’ స్థితిలో ఉండటం. తయారీలో ఉండగా దాచిపెట్టి, తరువాత విప్పడం మరచిపోవడం సర్వసాధారణం. పాఠాన్ని విప్పినా, ఆ పాఠం ఉన్న విభాగం మొత్తం దాచి ఉంటే ప్రయోజనం లేదు. రెండవది, ‘రిస్ట్రిక్ట్ యాక్సెస్’ అనే షరతులు. ఫలానా తేదీ తరువాతనే, ఫలానా జట్టుకు మాత్రమే, ముందు పాఠం పూర్తిచేసినవారికి మాత్రమే అని ఇక్కడ నిబంధనలు పెట్టవచ్చు. గత సంవత్సరపు కోర్సును నకలు చేసి ఈ సంవత్సరం వాడుకున్నప్పుడు, గత సంవత్సరపు తేదీలు అలాగే మిగిలిపోయి తలుపు మూసి ఉంచడం జరుగుతుంది. మూడవది, విద్యార్థి నమోదు. ఆలస్యంగా చేరినవారి పేరు హాజరు పట్టికలో ఉంటుంది, మూడుల్‌లో ఉండదు. లేదా నమోదు గడువు ముగిసి ఉంటుంది. నాలుగవది, జట్టు. విద్యార్థి కోర్సులో ఉన్నా, ఆ పాఠం కేటాయించిన జట్టులో లేకపోవచ్చు.

ఉపాధ్యాయుడు విద్యార్థి కంటితో చూడడానికి మూడుల్‌లో ‘స్విచ్ రోల్’ అనే వెసులుబాటు ఉన్నది. దానితో విద్యార్థి హోదాలో కోర్సును చూడవచ్చు. అయితే జట్లకు సంబంధించిన షరతులు దీనిలో పూర్తిగా తెలియవు. అందుచేత పరీక్ష కోసమే ఒక ఉత్తుత్తి విద్యార్థి ఖాతాను తయారుచేసి, దానిని అందరు విద్యార్థుల వలెనే కోర్సులో చేర్చి, ప్రతి కొత్త ఫైలునూ ముందు ఆ ఖాతాతో తెరిచి చూడటం ఉత్తమమైన పద్ధతి. ఇది రెండు నిమిషాల పని.

మూడవ కారణం: చిరునామా తప్పడం

ఫైలు ఉన్నది, అనుమతీ ఉన్నది, కాని విద్యార్థి చేతిలోని చిరునామా ఆ ఫైలుకు చేరదు. ఉపాధ్యాయుడు పాత ఫైలును తొలగించి, సవరించిన ఫైలును అదే పేరుతో మళ్ళీ పెట్టాడనుకోండి. పేరు అదే అయినా, గూగుల్ డ్రైవ్ వంటి చోట్ల దాని లింకు మారిపోతుంది. ముందు పంపిన లింకు చెత్తబుట్టలోని ఫైలును చూపుతుంది. ఇటువంటప్పుడు పాతదానిని తొలగించకుండా, ‘మేనేజ్ వెర్షన్స్’ అనే చోట కొత్త ప్రతిని చేర్చితే లింకు మారదు.

పొడవైన లింకులు సందేశాలలో తెగిపోవడం మరొక కారణం. లింకు మధ్యలో ఖాళీ వస్తే ఫోను అక్కడి వరకే లింకుగా గుర్తిస్తుంది. ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టడంలోనూ జాగ్రత్త అవసరం. కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు కూడా విడివిడిగా మూడేసి బైట్లు కావాలి. ఫైలు పేరుకు చాలా వ్యవస్థలలో 255 బైట్ల పరిమితి ఉన్నది. అంటే తెలుగులో 85 గుర్తులు దాటరాదు. పైగా అదే పేరు లింకులో చేరినప్పుడు ఒక్కొక్క గుర్తు తొమ్మిది ఇంగ్లీషు అక్షరాలంత పొడవు అవుతుంది. కనుక ఫైలుకు చిన్న పేరు పెట్టి, పూర్తి శీర్షికను ఫైలు లోపల వ్రాయడం మేలు.

విద్యాలయ ప్రాంగణంలోపలి వలయానికి సంబంధించిన చిక్కు ఇంకొకటి. ప్రాంగణంలోని కంప్యూటర్లకు 10 తోనో, 192.168 తోనో మొదలయ్యే చిరునామాలు ఇస్తుంటారు. అవి ఆ ఆవరణలో మాత్రమే చెల్లుతాయి. హాస్టలు గదిలో చక్కగా తెరుచుకున్న పాఠం, సెలవులకు ఇంటికి వెళ్ళిన విద్యార్థికి తెరుచుకోదు. అతని ఫోనులో లోపం లేదు, అతని ఇంటర్నెట్టులో లోపం లేదు. ఆ చిరునామా బయటి లోకానికి తెలియదు, అంతే. అంతా ప్రాంగణంలోపలి వలయం మీదనే ఆధారపడిన విద్యాలయాలు సెలవులకు ముందే ఆ పాఠాలకు బయటి నుండి చేరే మార్గాన్ని, లేదా వెంట తీసుకువెళ్ళే ప్రతిని ఏర్పాటు చేయాలి.

నాలుగవ కారణం: ఫైలు స్వభావం

ఫైలు వస్తుంది, తెరుచుకుంటుంది కూడా. కాని లోపల ఉన్నది చదవడానికి వీలుకాదు. తెలుగు, ఉర్దూ, అరబీ మూడూ వాడే మనవంటివారికి ఇది ప్రత్యేకమైన బాధ.

తెలుగు అచ్చుపనిలో చాలాకాలంగా అను వంటి ఫాంట్లు వాడుకలో ఉన్నాయి. వాటిలో తెలుగు అక్షరాలకు బదులు ఇంగ్లీషు గుర్తుల స్థానాలనే వాడుకొని, పైకి తెలుగు ఆకారం తొడిగారు. ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే ఆకారం ఊడిపోయి అర్థంలేని గుర్తులు మిగులుతాయి. ఉర్దూ పుస్తకాల తయారీలో వాడే ‘ఇన్‌పేజ్’ ఫైళ్ళ సంగతి కూడా దాదాపు ఇంతే. ఆ ప్రోగ్రాము లేనివారికి ఆ ఫైలు పనికిరాదు. ఈ చిక్కును తొలగించడానికే ప్రపంచ భాషలన్నిటికీ ఉమ్మడిగా యూనికోడ్ అనే పద్ధతి ఏర్పడినది. 1991లో వెలువడిన దాని మొదటి ప్రతిలోనే తెలుగుకూ, అరబీ లిపికీ స్థానం ఉన్నది. యూనికోడ్‌లో వ్రాసినది దాదాపు ఏ ఫోనులోనైనా కనిపిస్తుంది.

పాత ఫైళ్ళు యూనికోడ్‌లోకి మార్చేంత వ్యవధి లేనప్పుడు వాటిని పి.డి.ఎఫ్. రూపంలోకి మార్చి పంపాలి. 1993లో అడోబ్ సంస్థ ప్రవేశపెట్టి, 2008లో అంతర్జాతీయ ప్రమాణమైన ఈ పద్ధతిలో అక్షరాల ఆకారాలను కూడా ఫైలులోనే ఇమిడ్చి పంపవచ్చు. ఆ ఫాంటు విద్యార్థి వద్ద లేకపోయినా పేజీ ఉన్నదున్నట్లు కనిపిస్తుంది. ముఖ్యంగా తెలుగు వాక్యం మధ్యలో అరబీ వాక్యం వచ్చే పాఠాలలో, ఎడమ నుండి కుడికి, కుడి నుండి ఎడమకు సాగే రెండు వ్రాతలు వర్డ్ ఫైలులో కలగాపులగమయ్యే ప్రమాదం ఉన్నది. కంఠస్థం చేయవలసిన వాక్యంలో పదాల క్రమం తారుమారైతే ఎంత నష్టమో చెప్పనక్కరలేదు. పి.డి.ఎఫ్.లో ఆ ప్రమాదం ఉండదు.

చూపులేని విద్యార్థులను కూడా మరువరాదు. వారు ఫోను చదివి వినిపించే ప్రోగ్రాములతో చదువుకుంటారు. పుస్తకం పేజీలను ఫోటో తీసి పంపితే వారి ఫోనుకు అది అక్షరం కాదు, బొమ్మ. యూనికోడ్ అక్షరాలతో తయారైన ఫైలు అయితేనే వారికి పాఠం చెవిని పడుతుంది.

ఇక పరిమాణం. పుస్తకాన్ని రంగులలో, ఎక్కువ స్పష్టతతో స్కాన్ చేస్తే ఫైలు బరువెక్కుతుంది. 60 మెగాబైట్ల ఫైలు, సెకనుకు ఒక మెగాబిట్ వేగంతో అందాలంటే ఎనిమిది నిమిషాలు పడుతుంది. బైటు ఒక్కింటికి ఎనిమిది బిట్లు గనుక ఈ లెక్క. ఆ ఎనిమిది నిమిషాలలో సిగ్నల్ ఒకసారి పోతే కథ మళ్ళీ మొదటికి రావచ్చు. మామిడి తోటల నడుమ, ఊరికి దూరంగా కాపలా పాకలలో ఉండే కుటుంబాల పిల్లలకు ఇది మామూలు అనుభవమే. అదే పుస్తకాన్ని నలుపు తెలుపులలో స్కాన్ చేసి, పాఠానికొక ఫైలుగా విడగొట్టి పెడితే ఒక్కొక్కటి రెండు మూడు మెగాబైట్లకు దించవచ్చు.

ఐదవ కారణం: విద్యార్థి ఫోను

పై నాలుగూ చూసిన తరువాతనే విద్యార్థి ఫోను వైపు చూడాలి. మన అలవాటు దీనికి తలక్రిందులుగా ఉన్నది. మొదటి మాటే “నీ ఫోను సరిగా లేదేమో” అని వస్తుంది.

ఫోనులో చూడవలసినవి కొద్ది మాత్రమే. ఖాళీ స్థలం ఉన్నదా? నిండిపోయిన ఫోనులో ఫైలు దిగదు, దిగినట్లు కనిపించి సగంలో ఆగుతుంది. ఆ రోజు డేటా మిగిలి ఉన్నదా? ఆ రకం ఫైలును తెరిచే యాప్ ఉన్నదా? కొన్ని కోర్సులలో ఫైలు కొత్త కిటికీలో తెరుచుకునేలా అమర్చుతారు, బ్రౌజరు దానిని ప్రకటన అనుకొని ఆపివేస్తుంది. దీనికి బ్రౌజరు అమరికలో అనుమతి ఇవ్వాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫైలును చాలా రోజుల తరువాత తెరవబోతే, అది సర్వరులో లేక మళ్ళీ పంపమని కోరవలసి వస్తుంది. కనుక వచ్చిన వెంటనే దించుకోవడం మంచిది.

బ్రౌజరు తన దగ్గర దాచుకున్న పాత సమాచారం వలన కూడా చిక్కులు వస్తాయి. ‘ఇన్‌కాగ్నిటో’ కిటికీని తెరిచి, కోర్సు ఖాతాతో లోపలికి వెళ్ళి చూడాలి. అక్కడ ఫైలు తెరుచుకుంటే లోపం పాత సమాచారంలోనో, వేరే ఖాతాలోనో ఉన్నదని తేలుతుంది. ఈ పరీక్ష ఉపాధ్యాయునికీ ఉపయోగమే. అందరికీ అని తాను ఇచ్చిన లింకును తన ఖాతా లేని ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిస్తే, బయటివారికి ఏమి కనిపిస్తున్నదో అతనికి తెలుస్తుంది.

పరీక్షకు ముందురోజు మరొక వింత జరగవచ్చు. నిన్నటి వరకు తెరుచుకున్న ఫైలు, చాలామంది ఒకేసారి చూశారు గనుక ఇప్పుడు వీలుకాదని గూగుల్ డ్రైవ్ చెబుతుంది. ఆ నిషేధం తొలగడానికి ఒక రోజు వరకు పట్టవచ్చు. ముఖ్యమైన ఫైలుకు రెండవ చోట ఒక ప్రతి ఉంచడం దీనికి తగిన ముందుజాగ్రత్త.

అన్నీ తెరవరాదు

ఇంతవరకు చెప్పినది చదివి, చిక్కులెందుకు, అన్ని ఫైళ్ళనూ అందరికీ తెరిచి పెడదామని కొందరికి తోచవచ్చు. అది సరికాదు. పాఠం వేరు, విద్యార్థి వివరాలు వేరు. మార్కుల పట్టిక, జవాబు పత్రాలు, ఫోను నెంబర్లు, ఆధార్ నకళ్ళు, ఆడపిల్లల ఫోటోలు ఇవన్నీ సంస్థ చేతిలో ఉంచిన అమానత్. వాటిని లింకు ఉన్న ప్రతివారికీ తెరిచి ఉంచడం అమానత్‌కు ద్రోహం. ఒకే ఫోల్డరులో పాఠాలనూ, పట్టికలనూ కలిపి ఉంచి, ఫోల్డరు మొత్తానికి అనుమతి ఇస్తే లోపలి ఫైళ్ళన్నిటికీ అది వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి. పాఠాలకొక ఫోల్డరు, వివరాలకొక ఫోల్డరు విడిగా ఉంచితే రెండు బాధ్యతలూ నెరవేరుతాయి. అలాగే, చిక్కు తీర్చే పేరుతో విద్యార్థిని పాస్‌వర్డ్ అడగరాదు, ఇవ్వజూపినా పుచ్చుకోరాదు.

సంస్థలు చేయవలసినది

ఫైలు అందలేదని చెప్పడానికి విద్యార్థికి ఒక నిర్దిష్టమైన చోటు, ఒక మనిషి ఉండాలి. తెర ఫోటో, ఫైలు పేరు, ఈమెయిలు ఈ మూడూ పంపితే చాలని కోర్సు మొదటి రోజునే చెప్పాలి. అసలు పాఠాలు మొదలు కాకముందే ఒక చిన్న పరీక్ష ఫైలును పెట్టి, అందరూ తెరిచారో లేదో చూసుకోవాలి. ఫైలు అందని రోజులను లెక్కలోకి తీసుకొని, వ్రాతపని గడువును పొడిగించాలి. తెరుచుకోని తలుపు ముందు నిలబడినవానికి ఆలస్యపు మార్కులు కోయడం న్యాయం కాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. చెప్పుకునే విద్యార్థి గురించి మనకు తెలుస్తుంది. చెప్పుకోని విద్యార్థి మాట ఏమిటి? ఇంట్లో మొదటిసారి పైచదువుకు వచ్చిన పిల్ల, ఫైలు తెరుచుకోకపోతే లోపం తనదే అనుకుంటుంది. అందరికీ అవుతున్నది, నాకు చేతకావడం లేదు అని సిగ్గుపడుతుంది. ఒకసారి అడిగితే “మళ్ళీ ప్రయత్నించు” అన్నారు గదా, రెండవసారి అడగడానికి నోరు రాదు. రెండు వారాల తరువాత తరగతికి రావడం మానుకుంటుంది. ఆ పిల్లకు శ్రద్ధ లేదని మనం వ్రాసుకుంటాం. నిజానికి జరిగినది, షేర్ అమరికలో ఒక మాట మార్చకపోవడం మాత్రమే.

కాబట్టి వారానికొకసారి, ఏ విద్యార్థి ఏ పాఠాన్ని తెరవలేదో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. మూడుల్ వంటి వ్యవస్థలలో ఈ వివరం ఉపాధ్యాయునికి కనిపిస్తుంది. తెరవనివారికి ఒక ఫోను చేసి, “ఎందుకు చదవలేదు?” అని కాక, “పాఠం అందిందా అమ్మా?” అని అడగాలి.